ముసుగు వేసినా దాగని గొంతు: ఆ సూపర్ కారులో ఏ ఇంజిన్ ఉంది?

గత వారం నా ఫోనుకు పద్నాలుగు సెకన్ల వీడియో ఒకటి వచ్చింది. నలుపు తెలుపు సుడుల స్టిక్కర్లు ఒళ్ళంతా కప్పుకుని, నేలకు అతుక్కున్నట్టున్న కారొకటి మలుపు తిరిగి దూసుకుపోతుంది. రణస్థలం దగ్గర జాతీయ రహదారి మీద పరీక్షిస్తున్నారని కింద ఎవరో రాశారు. వాహనాలన్నీ రోడ్డుకు కుడి పక్కన నడుస్తున్నాయి కాబట్టి అది మన రోడ్డు కాదని ఒక్క చూపులోనే తేలిపోతుంది. మన దేశంలో అలాంటి కారును నిజంగా పరుగెత్తించాలంటే ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో 2021లో ప్రారంభమైన 11.3 కిలోమీటర్ల ట్రాక్ ఉంది. మహీంద్రా వారి పినిన్‌ఫరీనా బాటిస్టా 2022లో అక్కడే పరుగు తీసింది.

చోటు సంగతి తేలినా, ఆ కారు ఏమిటన్నది తేలలేదు. శ్రీకాకుళంలో మా వీధి కుర్రాళ్ళు రెండు రోజులుగా దాని మీదే వాదించుకుంటున్నారు. ఎక్కువ మంది పన్నెండు సిలిండర్ల ఇంజిన్ అంటున్నారు. నేను ఒప్పుకోలేకపోతున్నాను. అది ఆరు సిలిండర్ల టర్బో ఇంజిన్‌కు (టర్బో అంటే బయటికి పోయే పొగ బలంతో ఇంజిన్‌లోకి మరింత గాలిని నెట్టే పరికరం) విద్యుత్ మోటార్లు జోడించిన కారు, అంటే హైబ్రిడ్ అని నా అంచనా.

పైకి కనిపించే ఆకారాన్ని బట్టి కంపెనీ పేరు చెప్పడం తొందరపాటు. పరీక్ష దశలో కొత్త యంత్రానికి పాత ఒళ్ళు తొడగడం ఈ రంగంలో మామూలే. ఇంజిన్‌ను సీట్ల వెనక్కి జరిపి 2019లో వచ్చిన షెవ్రొలే కార్వెట్‌కు తొలి పరీక్షా వాహనంగా తిరిగిన బండికి ఆస్ట్రేలియా హోల్డెన్ వారి చిన్న ట్రక్కు ముఖం తగిలించారు. దాన్ని చూసి కార్వెట్ అని ఎవరనుకుంటారు? స్టిక్కర్లు ఒంటి మీది గీతలను దాచగలవు, అతికించిన రేకులు దీపాల ఆకారాన్ని మార్చగలవు. శబ్దాన్ని దాచడం మాత్రం అంత తేలిక కాదు.

ఏడు రోడ్ల కూడలి దగ్గర ముప్పై ఏళ్ళుగా బళ్ళు బాగుచేస్తున్న మెకానిక్ ఒకాయనకు ఆ వీడియో వినిపించాను. ఆయన తెర వైపు చూడలేదు. చేతికంటిన గ్రీజును గుడ్డతో తుడుచుకుంటూ, ఫోను చెవికి ఆనించుకుని మూడుసార్లు విన్నాడు. "మొహం మూసీసినా గొంతు ముయ్యలేరు బాబూ. యాక్సిలేటర్ వదిలినప్పుడు పాము బుస కొట్టినట్టు లేదూ? అది టర్బో," అన్నాడు. మళ్ళీ విన్నాను. మలుపు ముందు ఆ బుస స్పష్టంగా ఉంది.

టర్బో ఉన్నంత మాత్రాన పన్నెండు సిలిండర్లు కావని చెప్పలేం. ఇటలీ కంపెనీ పగాని 2022లో తెచ్చిన యుటోపియా కారులో ఉన్నది రెండు టర్బోల పన్నెండు సిలిండర్ల ఇంజినే. అయితే అందులో విద్యుత్ మోటారు లేదు, ఈ కారు అద్దం మీద మాత్రం గుండ్రని పసుపు స్టిక్కర్ ఉంది. ప్రమాదం జరిగితే సహాయానికి వచ్చేవారికి లోపల హెచ్చు వోల్టేజి బ్యాటరీ ఉందని తెలియడానికి ఐరోపాలో పరీక్షా వాహనాలకు అతికించే గుర్తు అది.

మరి కుర్రాళ్ళ చెవికి పన్నెండు సిలిండర్ల శబ్దంలా ఎందుకు వినిపించింది? వారి చెవిని తప్పు పట్టలేను. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ప్రతి సిలిండర్‌లోనూ ఇంజిన్ తిరిగే రెండు చుట్లకు ఒకసారి ఇంధనం పేలుతుంది. నిమిషానికి 8000 చుట్ల వేగంలో పన్నెండు సిలిండర్లయితే సెకనుకు 800 పేలుళ్ళు, ఆరయితే 400. 1919లో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షుడిగా సంగీత కళాశాల మొదలైన విజయనగరంలో దీన్ని వివరించడం సులువు: మధ్య స్థాయి షడ్జానికీ తార స్థాయి షడ్జానికీ ఉన్న దూరమే ఇది. సిలిండర్ల రెండు వరుసల మధ్య 120 డిగ్రీల కోణం ఉన్న ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో పేలుళ్ళు సమాన వ్యవధిలో పడతాయి కనుక స్వరం అదే, స్థాయి మాత్రమే తక్కువ. 2021లో వచ్చిన ఫెరారీ 296 ఇంజిన్‌కు దాని ఇంజినీర్లు "చిన్న వి12" (వి12 అంటే వి ఆకారంలో రెండు వరుసలుగా పన్నెండు సిలిండర్లున్న ఇంజిన్) అని ముద్దుపేరు పెట్టుకున్నది ఇందుకే.

చెవికంటే ఎక్కువగా మనల్ని తప్పుదారి పట్టించేది ఆశ. 2013 నాటి లాఫెరారీలో పన్నెండు సిలిండర్లున్నాయి కాబట్టి దాని వారసురాలిలోనూ అవే ఉండాలని అభిమానులు కోరుకున్నారు. 2024 అక్టోబరులో వచ్చిన ఎఫ్80లో మాత్రం, ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల లెమాన్ రేసు గెలిచిన ఫెరారీ 499పి కారు నుంచి తీసుకున్న మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, మూడు విద్యుత్ మోటార్లు, మొత్తం 1200 హార్స్‌పవర్ ఉన్నాయి. 1987 నాటి ఎఫ్40లో ఎనిమిది సిలిండర్లే ఉన్నాయని గుర్తున్నవారికి అది పెద్ద వింత కాకూడదు.

నా అంచనాకూ ఒక బలహీనత ఉంది. లాంబోర్గిని టెమెరారియోలా ఎనిమిది సిలిండర్ల టర్బో హైబ్రిడ్ అయ్యే అవకాశాన్ని ఈ వీడియో పూర్తిగా కొట్టిపారేయలేదు. సీట్ల వెనక నుంచి వెనక చక్రం దాకా ఉన్న చోటు మరీ తక్కువగా కనిపించడం వల్లనే నేను ఆరు వైపు మొగ్గాను. గేరు మారేటప్పటి శబ్దం తెగకుండా, ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోందో లెక్కగట్టడానికి వీలుగా ఇంకో పది సెకన్ల వీడియో దొరికితే ఆ సందేహమూ తీరుతుంది. దొరికిన రోజున మళ్ళీ ఆ మెకానిక్ దగ్గరికే పట్టుకెళ్తాను.