ఇల్లరికపు ప్రోగ్రాం

"ఒరేయ్, నీ వెబ్‌సైటు నన్ను మా తమ్ముడి పేరు పెట్టి పిలుస్తోందేంట్రా?"

పెద్ద బాబాయ్ ఫోన్. అన్నం ముద్ద గొంతులోనే ఆగిపోయింది. ఆయనకీ చిన్న బాబాయ్‌కీ పొలం గట్టు దగ్గర మొదలైన గొడవ కోర్టు దాకా వెళ్ళింది.

చెల్లి పెళ్ళికి ఎంతమంది భోజనాలకొస్తారో తెలియాలని నేనే ఒక పేజీ తయారుచేశాను. పేరు, ఎంతమందో రాసి నొక్కితే "ధన్యవాదాలు ఫలానా గారూ" అంటుంది. అంతే.

"ఇంకోసారి నొక్కి చూడు బాబాయ్."

"ఇప్పుడు పురోహితుడి పేరొచ్చింది."

"ఇంకోసారి..."

"వంటాయన పేరురా! నన్ను గాడిపొయ్యి దగ్గర కూర్చోబెడతారా ఏంటి?"

నిజానికి ఆ పేజీ మొదట సీజీఐ పద్ధతిలో చక్కగా నడిచేది. 1993లో అమెరికాలోని ఎన్‌సీఎస్‌ఏ అనే పరిశోధనా కేంద్రం వాళ్ళ సర్వర్‌తో, అంటే పేజీలు పంపే ప్రోగ్రాంతో, మొదలైన పద్ధతి అది. కూలి మనిషి లాంటిది. ఎవరైనా పేజీ అడిగితే సర్వర్ ఒక కొత్త ప్రాసెస్‌ని, అంటే అప్పుడే లేచి నడిచే ప్రోగ్రాంని, పిలుస్తుంది. అది పని చేసి, ఇచ్చేది ఏ రకం సరుకో (కంటెంట్ టైప్) చెప్పి, ఒక ఖాళీ లైను వదిలి, పేజీ ఇచ్చేసి చచ్చిపోతుంది. ఆ ఖాళీ లైను మర్చిపోయారా, 500 ఎర్రర్. (ఏమీ లేని ఒక లైను కోసం ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను.) కానీ ఒక్కో కప్పు టీకి కొత్తగా పొయ్యి వెలిగించి, ఇచ్చాక ఆర్పేసినట్టుంటుంది వ్యవహారం. ఆఫీసు మూలన పడున్న పాత కంప్యూటర్‌లో, నేను పేజీ రాసిన పెర్ల్ భాష లేచి కళ్ళు నులుముకునేలోపు చుట్టాలు విసుక్కునేవాళ్ళు.

వేగం కోసం ఇల్లరికం దారి పట్టాను. నెట్‌స్కేప్ వాళ్ళ ఎన్‌ఎస్‌ఏపీఐ, మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఐఎస్‌ఏపీఐ, అపాచీ అనే సర్వర్ మాడ్యూళ్ళు అన్నీ ఆ బాపతే. ప్రోగ్రాం సర్వర్ లోపలే కాపురం పెడుతుంది. పిలిస్తే పలుకుతుంది. కానీ ఇంటల్లుడికి తిక్కరేగితే తనతో పాటు ఆ సర్వర్ ప్రాసెస్‌నీ కూలుస్తాడు. 1996లో ఓపెన్ మార్కెట్ వాళ్ళు తెచ్చిన ఫాస్ట్‌సీజీఐ అయితే పక్క వాటాలో ఉండే అల్లుడు: రోజూ కొత్తగా పిలవక్కర్లేదు, పడిపోయినా మన గోడకేం కాదు. బుద్ధున్నవాడు అది పెట్టుకునేవాడు. నేను పెర్ల్‌ని అపాచీ లోపలే కాపురం పెట్టించే మాడ్ పెర్ల్ పెట్టాను. పాత స్క్రిప్టుని మార్చకుండా నడిపేస్తుందని ఎక్కడో చదివి మురిసిపోయాను.

నడిపింది కూడా. ఎలాగంటే, నా స్క్రిప్టు మొత్తాన్నీ తీసుకెళ్ళి ఒక పెద్ద ఫంక్షన్‌లో (పిలిస్తే ఒక పని చేసిపెట్టే ప్రోగ్రాం ముక్కలో) చుట్టేసింది. దాంతో ధన్యవాదాలు చెప్పే నా చిన్న ఫంక్షన్ దాని కడుపులోకి పోయింది. బయటున్న పేరుని మొదటిసారి ఎలా చూసిందో అదే పట్టుకుని కూర్చుంది. అపాచీ మొదట్లో ఐదుగురు పిల్లల్ని, అంటే పని పంచుకునే ఐదు ప్రాసెస్‌లని, లేపుతుంది. ఐదుగురూ తమ దగ్గరికొచ్చిన మొదటి చుట్టం పేరే కంఠస్థం చేసి, తర్వాత వచ్చిన వాళ్ళందరికీ అదే అప్పజెప్పారు. సీజీఐలో ఈ గొడవ లేదు, ప్రతిసారీ చచ్చే మనిషికి జ్ఞాపకాలేం ఉంటాయి?

మరి పరీక్షించలేదా అంటారా? ఇరవైసార్లు. ఇరవైసార్లూ నా పేరే ఇచ్చాను, నా పేరే వచ్చింది. తప్పులు రాసుకునే ఎర్రర్ లాగ్ తెరిస్తే, ఈ వేరియబుల్ (పేరు దాచిన డబ్బా) పంచుకోబడదు బాబూ అని పెర్ల్ ముందే హెచ్చరించి ఉంది. చదివిందెవరు?

ఎడమ చేత్తోనే టైపు చేసి, పేరుని ఫంక్షన్‌కి నేరుగా అందించేలా ఆ లైను తిరగరాశాను. సర్వర్ ఆపి మళ్ళీ లేపి ఫోన్ చేశాను.

"ఇప్పుడు చూడు బాబాయ్."

కాసేపు నిశ్శబ్దం.

"నా పేరే వచ్చింది."

"హమ్మయ్య!"

"పక్కన 'గారూ' ఏదిరా? మా తమ్ముడి పేరుకైతే ఉంది!"