యాషెస్ భరిణెలో ఉన్నది ఓవల్ స్టంపుల బూడిద కాదు

"1882లో ఓవల్‌లో ఇంగ్లండ్ మొదటిసారి ఆస్ట్రేలియా చేతిలో ఓడింది. కోపం పట్టలేక స్టంపులు తగలబెట్టారు. ఆ బూడిదను కలశంలో పోసి ఆస్ట్రేలియాకు పంపారు. అప్పటి నుంచి గెలిచిన జట్టుకు ఆ కలశమే ఇస్తున్నారు." ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల మధ్య జరిగే టెస్టు సిరీస్ యాషెస్ (అంటే బూడిద) మొదలైన ప్రతిసారీ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే కథ ఇది. ఇందులో నిలబడేది ఒక్క ముక్కే: లండన్‌లోని ఓవల్ మైదానంలో ఇంగ్లండ్ ఓడింది.

"మొదటిసారి" అన్నది తప్పు. 1877 మార్చిలో మెల్‌బోర్న్‌లో జరిగిన మొట్టమొదటి టెస్టులోనే ఆస్ట్రేలియా 45 పరుగులతో గెలిచింది. ఓవల్‌ది సొంతగడ్డ మీద మొదటి ఓటమి. ఓడిన తీరు వల్లే అది అంతగా గుచ్చుకుంది. ఇంగ్లండ్ గెలుపుకి కావలసింది 85 పరుగులు. రెండు వికెట్లకు 51 దాకా వచ్చి 77కే అందరూ అవుట్. ఆస్ట్రేలియా బౌలర్ స్పోఫోర్త్ రెండు ఇన్నింగ్స్‌లోనూ ఏడేసి వికెట్లు తీశాడు, 90 పరుగులకు 14. ఆగస్టు 28న మొదలైన మూడు రోజుల ఆట 29నే ముగిసింది.

స్టంపులు ఎవరూ కాల్చలేదు. సెప్టెంబర్ 2న స్పోర్టింగ్ టైమ్స్ అనే పత్రికలో రెజినాల్డ్ బ్రూక్స్ ఇంగ్లిష్ క్రికెట్ చనిపోయిందంటూ వెటకారంగా ఒక సంతాప ప్రకటన వేశాడు. దేహాన్ని దహనం చేసి బూడిదను ఆస్ట్రేలియాకు తీసుకుపోతారని చివర్లో చేర్చాడు. దహనం మనకు మామూలే కాబట్టి అందులోని చురుకు మనకు తగలదు. అప్పటి ఇంగ్లండ్‌లో శవాన్ని కాల్చడం చట్టబద్ధమా కాదా అన్నది పెద్ద వివాదం. చట్టవిరుద్ధం కాదని కోర్టు తేల్చింది 1884లో. బ్రూక్స్ తండ్రి షర్లీ బ్రూక్స్ దహనాన్ని బలపరిచినవాళ్లలో ఒకడు. అంటే అప్పటికి బూడిదా లేదు, కలశమూ లేదు, కాగితం మీద ఒక మాట మాత్రమే ఉంది.

ఇక "ఆస్ట్రేలియాకు పంపారు" అనడం కథను పూర్తిగా తలకిందులు చేయడమే. ఆ వస్తువు పుట్టిందే అక్కడ. అప్పటికి ఆస్ట్రేలియా ఒకే దేశం కూడా కాదు, 1901 దాకా వేర్వేరు బ్రిటిష్ వలసలే. వాటిలో ఒకటైన విక్టోరియాలో, మెల్‌బోర్న్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరాన సన్‌బరీలో రూపర్ట్స్‌వుడ్ అనే పెద్ద బంగళా ఉంది. యజమాని సర్ విలియం క్లార్క్, మెల్‌బోర్న్ క్రికెట్ క్లబ్ అధ్యక్షుడు. 1882 చివర్లో ఇంగ్లండ్ జట్టుతో వచ్చిన కెప్టెన్ ఐవో బ్లై, ఆ బూడిదను తిరిగి తీసుకుపోవడానికే వచ్చానని విందుల్లో చెప్పేవాడు. క్రిస్మస్‌కు రూపర్ట్స్‌వుడ్‌లో సరదాగా ఒక ఆట ఆడారు. అతని మాటకు బదులుగా ఆ ఇంటివాళ్లు ఒక చిన్న మట్టి పాత్ర చేతిలో పెట్టారు. ఆ క్రిస్మస్‌కే ఇచ్చారని కొందరు, సిరీస్ గెలిచాక ఇచ్చారని మరికొందరు అంటారు. 1883 ఫిబ్రవరి 1న మెల్‌బోర్న్ పంచ్ పత్రిక అచ్చేసిన పద్యంలో బ్లై పాత్రతో ఇంటికి వెళ్తున్నాడు. ఆ పద్యం ముక్కే ఇప్పటికీ పాత్ర మీద అతికించి ఉంది.

లోపల ఏముంది? ఎక్కువమంది చెప్పేది ఒక బెయిల్ (స్టంపుల మీద పెట్టే చిన్న చెక్కముక్క) బూడిద అని. బ్లై కోడలు మాత్రం 1998లో అది ఒక స్త్రీ మేలిముసుగు బూడిద అని చెప్పింది. రెండింటిలో ఏది నిజమైనా ఓవల్ స్టంపులకు అందులో చోటు లేదు. కలశం అనగానే పూజలో కొబ్బరికాయ పెట్టేదాన్ని ఊహించుకుంటాం. ఇది కాల్చిన మట్టితో చేసింది, ఎత్తు 11 సెంటీమీటర్లు దాటదు. కుంకుమ భరిణె కంటే కాస్త పెద్దది, అంతే.

గెలిచిన జట్టుకు అది ఇవ్వరు. బ్లై దాన్ని తనకిచ్చిన కానుకగా ఇంట్లోనే ఉంచుకున్నాడు. ఇప్పుడు ఉండేది లండన్‌లో, లార్డ్స్ మ్యూజియంలో. ఆస్ట్రేలియా వరసగా గెలిచినా అక్కడే ఉంటుంది. 1988లో, 2006-07లో, 2019-20లో ఆస్ట్రేలియా వెళ్లింది, అదీ ప్రదర్శన కోసమే. కెప్టెన్ ముద్దుపెట్టుకునే చిన్న కలశం నకలు. 1998-99 నుంచి అధికారికంగా ఇచ్చే ట్రోఫీ స్ఫటికంతో చేసింది.

"బ్లై 2-1తో గెలిచాడు" అని ఇంకొందరు జతచేస్తారు. ఇది సగం సరే. మెల్‌బోర్న్‌లో మొదటిది ఓడి, అక్కడే రెండోది, సిడ్నీలో మూడోది గెలిచాడు. రెండో టెస్టులో బిల్లీ బేట్స్ ఇంగ్లండ్ తరఫున తొలి హ్యాట్రిక్ తీశాడు. కానీ ఫిబ్రవరిలో సిడ్నీలోనే నాలుగో టెస్టూ జరిగింది, నాలుగు ఇన్నింగ్స్‌కు నాలుగు వేర్వేరు పిచ్‌లు వాడారు. ఆస్ట్రేలియా 4 వికెట్లతో గెలిచింది. అదీ లెక్కేస్తే 2-2.

ఆ ఫార్వర్డ్‌లో అన్నిటికన్నా నొప్పించేది ఆడవాళ్లు మాయమైపోవడం. విందు ఇచ్చి, కానుక ఇప్పించింది విలియం క్లార్క్ భార్య జానెట్ క్లార్క్. ఆ ఇంట్లో సంగీతం నేర్పే ఫ్లోరెన్స్ మార్ఫీని బ్లై 1884 ఫిబ్రవరిలో సన్‌బరీలోనే పెళ్లి చేసుకున్నాడు. 1927లో అతను పోయాక పాత్రను లార్డ్స్ మైదానం నడిపే మేరిల్‌బోన్ క్రికెట్ క్లబ్‌కు అప్పగించింది ఆమే. దానికి మఖమల్ సంచి కుట్టి ఇచ్చింది ఆన్ ఫ్లెచర్. ఆ సంచి కూడా మేరిల్‌బోన్ క్లబ్ దగ్గరే భద్రంగా ఉంది.