బోల్తా పడ్డ లారీలో సరుకు మనది కాదు

మూడు రోజుల్లో ఆ మెసేజ్ నాకు ఐదుసార్లు వచ్చింది. మా అత్తాపూర్ కాలనీ గ్రూపులో రెండుసార్లు, చుట్టాల గ్రూపులో రెండుసార్లు, చివరికి మా బావ కూడా ‘పనికొస్తుంది, దాచుకో’ అంటూ పంపాడు. హైవే మీద లారీ బోల్తా పడితే సరుకు ఎవరైనా తీసుకోవచ్చట, ఓనర్‌కి ఇన్సూరెన్స్ వస్తుందట. వదిలేసినా చక్రాల కింద నలిగిపోయేదేనట. నూనె పారితే నీళ్లు కొట్టాలట. పెట్రోల్ అయితే ఫోన్ స్విచాఫ్ చేసి, బీడీ ముట్టించకుండా పట్టుకోవచ్చట. ఇలాంటి వింతలు మన దేశంలోనే జరుగుతాయట.

మన దేశంలోనేనా? 2017లో అమెరికాలోని ఓరెగన్‌లో లారీ నుంచి హ్యాగ్‌ఫిష్ అనే జిగురు చేపలు పడి, అవి వదిలిన జిగురుతో కార్లు నిండిపోయాయి. 2018లో పోలండ్‌లో ట్యాంకర్ బోల్తా పడి కరిగిన చాక్లెట్ రోడ్డంతా పారి గడ్డకట్టింది. ఇక ఆ సంగతి వదిలేద్దాం.

నూనె మీద నీళ్లు కొడితే అది తేలి ఇంకా దూరం పాకుతుంది, వెనకాలొచ్చే బైకులన్నీ జారతాయి. ఇసుకో రంపపు పొట్టో చల్లాలి.

పెట్రోల్ మాట రాసినవాళ్ల మీదే నాకు అసలు కోపం. 2017 జూన్ 25న, రంజాన్ పండుగ ముందు రోజు, పాకిస్తాన్‌లోని అహ్మద్‌పూర్ ఈస్ట్ దగ్గర ట్యాంకర్ బోల్తా పడింది. ఊళ్లోవాళ్లు బకెట్లు, క్యాన్లు తీసుకుని పరుగెత్తారు. మంటలంటుకుని 200 మందికి పైగా చనిపోయారు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు. కంటికి కనబడకుండా నేలబారుగా పాకుతుంది, పక్కనున్న కాలువల్లోకి దిగుతుంది. దూరంగా ఎవరో బైకు స్టార్ట్ చేసినా చాలు. నుజ్జయిన ట్యాంకర్ వైర్ల నుంచి ఒక్క నిప్పురవ్వ లేచినా చాలు. నీ ఫోన్ ఆపేస్తే ఆ బైకు ఆగుతుందా? పిల్లల చేతికి క్యాన్ ఇచ్చి పంపే ఇళ్లకు కూడా ఈ మెసేజ్ చేరుతోంది. పంపేముందు ఒక్క క్షణం ఆలోచించరా?

నిజంగా దాచుకోవాల్సినవి ఇవి: ట్యాంకర్ మీది పలకపై 1203 అని ఉంటే పెట్రోల్, 1075 అంటే వంటగ్యాస్. దూరం నుంచే చూసి 112కి ఆ నంబరు చెప్పండి. నేషనల్ హైవే అయితే 1033 హెల్ప్‌లైన్ కూడా ఉంది.

ఇక ఇన్సూరెన్స్. లారీకి తప్పనిసరిగా ఉండే థర్డ్ పార్టీ పాలసీ లోపలి సరుకుకు వర్తించదు. దానికి విడిగా పాలసీ తీసుకోవాలి. రోడ్డు మీద పడ్డంత మాత్రాన సరుకు ఓనర్ మారడు, ఎత్తుకెళ్తే అది దొంగతనమే.

పోయిన ఎండాకాలం షాద్‌నగర్ దాటాక మదనపల్లె టమాటా లారీ ఒకటి పక్కకు ఒరిగి ఉండటం చూశాను. డ్రైవర్ డివైడర్ మీద కూర్చుని, మోచేతికి తువ్వాలు చుట్టుకున్నాడు. తువ్వాలు రక్తంతో తడిసింది. సంచులు పట్టుకున్న జనం అతని కాళ్లు దాటుకుంటూ పోతున్నారు. నీళ్లు అడిగితే ఇచ్చినవాళ్లు లేరు. మా కారులోని సీసా ఇస్తే సగం తాగి, మిగతాది ముఖం మీద పోసుకున్నాడు.

మెసేజ్‌లో ఒక్క మాట మాత్రం నిజమే, ఒప్పుకుంటాను. వదిలేస్తే చాలా సరుకు నలిగిపోయేదే. అక్కడ ఒక పెద్దావిడ మాత్రం ‘తీసుకోనా నాయనా’ అని అతన్ని అడిగింది. ‘పగిలినవి తీసుకోమ్మా, బాగుండేవి క్రేట్లో ఎయ్యి’ అన్నాడు. ఆవిడ కొంగు దోపుకుని ముందు క్రేటు నింపింది.