తువ్వాలు తగిలించి భూగోళమును కాపాడితిని

ఈ నెలలో భూగోళం కాస్త చల్లబడినట్టు మీకు అనిపిస్తే ఆ ఘనత నాదేనని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. స్నానం చేశాక తువ్వాలు నేల మీద పడేయలేదు. కొక్కేనికి తగిలించాను. వరుసగా రెండు రోజులు. మూడో రోజు సంగతి తర్వాత చెబుతాను.

ఈ మహత్కార్యానికి నన్ను పురికొల్పింది నేను దిగిన రిసార్టులో దిండు మీద పెట్టిన ఒక కార్డు. పాత కాగితాల గుజ్జుతో చేశారట. గోధుమరంగు, చేత్తో చింపినట్టున్న గరుకు అంచులు, మధ్యలో ఆకుపచ్చ తాబేలు. "ప్రియమైన అతిథీ, తువ్వాలు తగిలిస్తే మళ్లీ వాడుకుంటారని అర్థం. నేల మీద వేస్తే మార్చమని అర్థం. భూమి మనందరిదీ." చదివి చలించిపోయాను. చలించిన సమయానికి నా పరిస్థితేమిటంటే, రెండు విమానాలు మారి, ఆపైన సీప్లేన్‌లో 40 నిమిషాలు ఎగిరి, నీళ్ల మీద గుంజలు పాతి కట్టిన విల్లాలో దిగి ఉన్నాను. చుట్టూ సముద్రం. ఆ సముద్రానికి పదడుగుల ఎడంలో నా ఒక్కడి కోసం మంచినీళ్ల ఈతకొలను. లోపల ఏసీ 18 డిగ్రీల దగ్గర వణికిస్తోంది. వణక్కుండా మంచం మీద మందపాటి రజాయి. ఇంత ఏర్పాటులో భూమికి బరువైపోయింది నా తువ్వాలొక్కటే.

అసలు గ్రీన్‌వాషింగ్, అంటే చేసే పనికి పర్యావరణ సేవ అని ఉత్తుత్తి ఆకుపచ్చ రంగు పూయడం, అన్న మాట పుట్టిందే ఈ తువ్వాల్లోంచి. జే వెస్టర్‌వెల్డ్ అనే అమెరికన్ పర్యావరణవాది పసిఫిక్ దీవుల్లో ఒక రిసార్టులో ఇలాంటి కార్డే చూశాడు. తువ్వాళ్లు మళ్లీ వాడండి, పగడపు దిబ్బల్ని కాపాడండి అని వేడుకోలు. పక్కనే అదే రిసార్టు కొత్త బంగళాలు లేపుతోంది. ఆయన ఆ సంగతి మనసులో పెట్టుకుని 1986లో రాసిన వ్యాసంలో ఈ మాట వాడాడు. అప్పట్నుంచి ఇప్పటిదాకా మాట నిఘంటువులకెక్కింది, కార్డు మాత్రం దిండు దిగలేదు.

దిగదు కూడా. దీని వెనక శాస్త్రం ఉంది మరి. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక హోటల్లో పరీక్ష పెట్టి చూసి, 2008లో ఫలితం అచ్చేశారు. పర్యావరణాన్ని కాపాడండి అని రాస్తే సుమారు 37 శాతం మంది తువ్వాలు మళ్లీ వాడారు. ఇదే గదిలో దిగినవాళ్లలో ఎక్కువమంది మళ్లీ వాడారు అని రాస్తే ఆ లెక్క 49 శాతానికి ఎగబాకింది. అంటే భూమి ఏమైపోయినా పర్వాలేదు గానీ, నాకంటే ముందు ఈ మంచం మీద గురకపెట్టిన అజ్ఞాత మహానుభావుడి ముందు నేను తీసిపోకూడదు!

ఆ పౌరుషంతోనే మొదటి రోజు తువ్వాలు తగిలించి బయటికెళ్లాను. తిరిగొచ్చేసరికి కొక్కెం ఖాళీ. మంచం మీద రెండు కొత్త తువ్వాళ్లు హంసలై, ముక్కూ ముక్కూ ఆనించుకుని కూర్చున్నాయి. ఒంటరిగా వచ్చినవాడి మంచం మీద. ఏదో పొరపాటులే అనుకున్నాను. రెండో రోజు తువ్వాలుతో పాటు కార్డు కూడా కొక్కేనికి తగిలించాను, తాబేలు మొహం గుమ్మంలోకి కనిపించేలా. సాయంత్రానికి ఏనుగు. తొండమెత్తి, నా నల్లకళ్లద్దాలు పెట్టుకుని మరీ. మూడో రోజు తువ్వాల్ని దొంగసొత్తులా మడిచి బీరువాలో చొక్కాల కింద దాచాను. సాయంత్రం తెరిస్తే చొక్కాలు రంగులవారీగా సర్ది ఉన్నాయి. తువ్వాలు లేదు. పరదా కడ్డీకి తెల్లకోతి ఒకటి వేలాడుతూ నన్నే చూస్తోంది.

నాలుగో రోజు గదిలోనే కాపు కాశాను. తలుపు తట్టి ఓ కుర్రాడొచ్చాడు.

"బాబూ, ఈ కార్డు చూళ్లేదా?"

"చూశాను సార్. రోజూ నేనే కదా పెట్టేది."

"మరి?"

"కార్డు మీకు సార్. మాకు చెక్‌లిస్టు. గదిలో వాడిన తువ్వాలు కనిపిస్తే సూపర్‌వైజర్ మార్కులు కోస్తాడు." ఒక్క క్షణం ఆగి, "ఏనుగు బాగాలేదా సార్?" అన్నాడు.

బాగుందన్నాను. నిజంగానే బాగుంది.

ఇక్కడ కనీసం నవ్వొచ్చింది. ఇదే కార్డు ఇంకో వేషంలో వచ్చినప్పుడు నవ్వు రాదు. "ఈ రోజు మీ గది శుభ్రం చేయొద్దని చెప్పండి, పర్యావరణానికి మేలు చేయండి, పాయింట్లు గెలుచుకోండి." 2018లో అమెరికాలో పెద్ద హోటళ్ల కార్మికులు సమ్మెకు దిగినప్పుడు వాళ్ల గోడుల్లో ఇదొకటి. అతిథులు వద్దన్న ప్రతి గదికీ వాళ్ల పని గంటలు తెగాయి. మూడు నాలుగు రోజులు ఊడవని గది చివర్న వాళ్ల నెత్తినే పడింది, అదే కాస్త సమయంలో రెట్టింపు చాకిరీ. సిగ్గుండాలి. గదులూడ్చే ఆడమనిషి కూలి కోసి, దానికి ఆకుపచ్చ రంగు పూసి, పైగా అతిథికి పాయింట్లా! ఖర్చు తగ్గించుకున్నాం అని రాస్తే కనీసం నిజాయితీ అయినా ఉండేది. భూమి పేరెందుకు? భూమి ఏనాడైనా ఎవరి జీతమైనా కోయమందా?

నీళ్ల ఆదా గురించి కూడా రెండు ముక్కలు. ఆఫ్రికా తూర్పు తీరాన ఉన్న జాంజిబార్ దీవిలో, తీర గ్రామాల్లో 2012 ప్రాంతంలో లెక్కేస్తే ఊళ్లో ఒక ఇల్లంతా కలిపి రోజుకు వాడే నీళ్లు సుమారు 93 లీటర్లు. పక్కనున్న అయిదు నక్షత్రాల హోటల్లో ఒక్క గదికి 3,000 పైచిలుకు. ఊరి ఆడవాళ్లకు బిందె నిండదు, మనకు తోటలోని గులాబీ ఎండదు. ఆ గులాబీ పక్కనే బోర్డు ఉంటుంది, "ప్రతి చుక్కా విలువైనదే" అని. విలువైనదే, ఎవరి గొంతులోంచి లాక్కొచ్చారో తెలిస్తే ఇంకా విలువైనది.

ఒక విషయం గమనించారా? కార్డు అడిగేవన్నీ యాజమాన్యానికి మిగిలేవే. తువ్వాలు ఉతక్కపోతే చాకలి ఖర్చు మిగులు. గది ఊడవకపోతే కూలి మిగులు. "సీప్లేన్ మానేసి పడవలో రండి" అని ఏ తాబేలూ అడగదు. "ఏటా నాలుగుసార్లు మూడేసి రోజులు కాకుండా, ఒక్కసారి వచ్చి పక్షం రోజులుండండి" అనదు. నేను విమానంలో పడుకుని వచ్చాను, బిజినెస్ క్లాసులో. ప్రపంచ బ్యాంకు 2013లో వేసిన లెక్క ప్రకారం ఆ సీటు పాపం, అంటే దాని వాటాకు వచ్చే కర్బన పొగ, మామూలు సీటుకు మూడింతలు, ఫస్ట్ క్లాసుదైతే తొమ్మిదింతల దాకా. నేను చాపుకున్న కాళ్ల చోటులో ఇంకో ఇద్దరు కూర్చునేవారన్నమాట. దానికీ విరుగుడుంది లెండి, టికెట్ కొనేటప్పుడు ఒక గడిలో టిక్కు పెడితే ఎక్కడో నా పేరు మీద మొక్క నాటుతారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పూర్వం. ఇప్పుడు అడుసు మనం తొక్కుతాం, కాలు ఇంకెవరో కడుగుతారు, అదీ ఆ మొక్క బతికితే. యూరోపియన్ యూనియన్ వాళ్లకు ఈ వాసన తగిలినట్టుంది. ఇలా మొక్కలు కొనుక్కుని మా సరుకు కర్బన రహితం అని చాటుకోవడం కుదరదని 2024లో చట్టం చేశారు, 2026 సెప్టెంబరు నుంచి అమలు. తువ్వాలు కార్డు జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

బయల్దేరే రోజు రిసెప్షన్‌లో నాకొక సర్టిఫికెట్ ఇచ్చారు. ఈ బసలో నేను ఆదా చేసిన నీళ్లు ఇన్ని లీటర్లని, కింద జనరల్ మేనేజర్ సంతకం. హంసల్నీ ఏనుగునీ కోతినీ లెక్కలోంచి తీసేసినట్టున్నారు. పెట్టె మోసుకుంటూ ఆ కుర్రాడే జెట్టీ దాకా వచ్చాడు. సిబ్బంది గదులు ఎక్కడని అడిగితే దీవి అవతలి కొసకు చెయ్యి చూపించాడు, జనరేటర్ షెడ్డు వెనక.

"నీకెన్ని తువ్వాళ్లు బాబూ?"

"ఒకటే సార్. రోజూ ఎండలో ఆరేసుకుంటాను."

దిండు మీద తాబేలు కార్డు ఉందా అని అడగబోయాను. ఇంతలో సీప్లేన్ వచ్చేసింది.