ముంపు పటం ఊరివాళ్లే గీయాలి

2023 జులై 27 తెల్లవారేసరికి మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచెత్తింది. హెలికాప్టర్లు, పడవలు వచ్చేదాకా జనం డాబాల మీదే బిక్కుబిక్కుమంటూ గడిపారు. అదే వరదలో ములుగు జిల్లా కొండాయిలో జంపన్నవాగు ఎనిమిది మందిని పొట్టన పెట్టుకుంది. లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో కురిసింది దాదాపు 65 సెంటీమీటర్లు. అంత వానను ఎవరు ఆపగలరన్న మాట నిజమే. అయితే ఏ వాడలోకి ముందు నీళ్లొస్తాయో, ఏ కల్వర్టు దగ్గర దారి ముందు తెగుతుందో ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. అడిగి, ఆ సంగతులతో వాళ్లచేతే ముంపు పటం గీయించేవాళ్లు లేకపోవడమే లోటు.

తీరప్రాంతం ఈ పాఠం ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకుంది. 1999 సూపర్ సైక్లోన్‌లో సుమారు పది వేల మందిని కోల్పోయిన ఒడిశా, ఆ తర్వాత తీర గ్రామాలకే శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. అక్కడి వెంకట్రాయ్‌పూర్, నోలియాసాహి గ్రామాలను 2020లో యునెస్కో అనుబంధ సముద్ర విజ్ఞాన కమిషన్ ‘సునామీకి సిద్ధం’ అని గుర్తించింది. ముంపు పటం ఉండటం, ఊరు ఖాళీ చేసే దారుల పటాన్ని గ్రామస్తులతో కలిసి తయారుచేయడం ఆ గుర్తింపుకు పెట్టిన షరతుల్లో ఉన్నాయి. మన వరంగల్ ప్రాంతానికి సముద్రం దూరమే కానీ తుపాను దూరం కాదు. 2025 అక్టోబరులో మొంథా తుపాను ఆంధ్ర తీరం దాటిన మర్నాడే హనుమకొండ, వరంగల్ కాలనీలు నీట మునిగాయి.

ఈ పనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. పంచాయతీ ఆఫీసు ముందు నేల మీద ముగ్గుపిండితో వాగు, చెరువు కట్ట, మత్తడి (అలుగు), వీధులు గీస్తారు. కిందటి వరద గోడల మీద వదిలిన చారను టేపుతో కొలిచి రాసుకుంటారు. మంచం పట్టిన అవ్వ ఏ ఇంట్లో ఉంది, నెలలు నిండిన కోడలు ఎవరింట్లో ఉంది, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎంత ఎత్తు, బడి మేడ మీదికి తాళం ఎవరి దగ్గరుంది... ఇవన్నీ అందులో ఎక్కాలి. తర్వాత దాన్నే కాగితం మీదికి, ఫోన్‌లోని మ్యాప్‌లోకి ఎక్కించవచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) ఉపగ్రహ చిత్రాలు నీళ్లు ఎంతమేర పరుచుకున్నాయో చూపిస్తాయి. బడి తాళం సంగతి ఊరివాళ్లే చెప్పాలి.

ఇక్కడ ఇంకో చిక్కుంది. కాకతీయుల నాటి నుంచి మనవి గొలుసుకట్టు చెరువులు. పైచెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కిందిచెరువులోకే చేరతాయి, పైకట్ట తెగితే కింది ఊరికి ముప్పు. కాబట్టి ఏ ఊరికా ఊరు పటం గీసుకుంటే సగం పనే అయినట్టు. వాగు వెంబడి ఉన్న పంచాయతీలన్నీ ఒకచోట కూర్చుని పటాలు కలిపి చూసుకోవాలి. పైఊరి నుంచి కిందిఊరికి ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో అప్పుడే తేల్చుకోవాలి. తూములు, మత్తళ్ల సంగతి చెరువు నీళ్లు వదిలే నీరటికాళ్లకు, చేపలు పట్టేవాళ్లకు తెలిసినంతగా ఏ ఇంజినీరుకూ తెలియదు. వాళ్లను సమావేశంలో చివరి వరుసలో కూర్చోబెడితే లాభం లేదు. శిక్షణ రోజులకు వాళ్లకు కూలి కట్టివ్వాలి. మహిళా సంఘాలను, ఆశా కార్యకర్తలను ముందుంచాలి, ఎందుకంటే ప్రతి ఇంటి గుట్టూ తెలిసింది వాళ్లకే. కొలతలు, మ్యాప్ సాఫ్ట్‌వేర్ నేర్పడానికి వరంగల్ నిట్, కాకతీయ విశ్వవిద్యాలయం విద్యార్థులున్నారు.

నగరంలో ఈ పని కొందరికి కంటగింపుగానే ఉంటుంది. నాలా ఒకప్పుడు ఎంత వెడల్పు ఉండేదో, చెరువు శిఖంలో (నీళ్లు నిలిచే నేలలో) ఎవరి గోడలు లేచాయో బస్తీవాళ్లు గీసిన పటం దాచిపెట్టదు. నయీంనగర్ నాలా పొంగినప్పుడల్లా, భద్రకాళి చెరువు కట్టకు గండి పడ్డప్పుడు, వీధిన పడ్డది చుట్టుపక్కల మామూలు కుటుంబాలే. ఆ పటాలు బయటికి వస్తాయన్న భయంతో శిక్షణను వాయిదా వేస్తే అంతకంటే అన్యాయం ఉండదు.

విపత్తు ప్రణాళిక పంచాయతీ స్థాయిలోనే ఉండాలని కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2022లోనే చెప్పింది. ములుగు, భూపాలపల్లి, హనుమకొండ, వరంగల్ కలెక్టర్లు మృగశిర కార్తెలోపే ముంపు గ్రామాల్లో, బస్తీల్లో ఈ శిక్షణ పూర్తిచేయించాలి. తయారైన పటం పంచాయతీ గోడ మీద, వార్డు ఆఫీసులో అందరికీ కనిపించేలా ఉండాలి. ఇళ్ల పేర్లు, జబ్బుల వివరాలు మాత్రం సహాయక బృందం దగ్గరే ఉంచాలి. లేఅవుట్‌కు, ఇంటికి అనుమతి ఇచ్చే ముందు ఆ పటం చూసి సంతకం చేయడాన్ని అధికారులకు తప్పనిసరి చేయాలి.