జుట్టు ఒకే కస్టమర్ చేతిలో ఉన్న పెన్నీ స్టాక్

అమ్మకాల్లో సగానికి పైగా ఒకే కస్టమర్ నుంచి వచ్చే చిన్న కంపెనీ చవక షేరు (పెన్నీ స్టాక్) కనబడగానే అందరూ అడిగేది ఒకటే: ఆ కస్టమర్ వెళ్లిపోతే ఎలా? అడగాల్సిన ప్రశ్నే. అయితే అంతకంటే తరచుగా జరిగేది ఇంకొకటి ఉంది. కస్టమర్ ఎక్కడికీ పోదు. ఉంటూనే ధర తగ్గించమంటుంది, బిల్లులు ఆలస్యంగా కడుతుంది. జుట్టు దాని చేతిలో ఉంది కనుక కంపెనీ కాదనలేదు.

లెక్క వేసి చూద్దాం. అమ్మకాలు 100, అందులో పెద్ద కస్టమర్ వాటా 60. ముడిసరుకులాంటి మారే ఖర్చులు 70, జీతాలూ అద్దెలూ లాంటి స్థిర ఖర్చులు 25, లాభం 5. ధరలో 5 శాతం కోత పెడితే 60 మీద 3 పోతుంది, లాభం 2కి దిగుతుంది. ఆర్డర్లు సగమైతే అమ్మకాలు 70, మారే ఖర్చులు 49 పోగా మిగులు 21, స్థిర ఖర్చులు మాత్రం అదే 25, అంటే 4 నష్టం. ఇవేవీ జరగకుండా, చెల్లింపు గడువు 60 రోజుల నుంచి 120కి పెరిగిందనుకోండి. దాదాపు 10 బాకీల్లో ఇరుక్కుంటుంది. బ్యాంకులో ఉన్నది 6 అయితే, పుస్తకాల్లో లాభం చూపిస్తూనే కంపెనీ చేతులెత్తేస్తుంది.

అప్పుడు కొత్త షేర్లు అమ్ముతుంది. మార్కెట్ విలువ 20 ఉన్న కంపెనీ అదే ధరకు 10 సమీకరిస్తే, మీ 3 శాతం వాటా 2 శాతం అవుతుంది. ఇబ్బందుల్లో ఉన్న కంపెనీకి ఆ ధర దొరకడం కూడా అరుదే.

పెద్ద కస్టమర్ వాటా కోసం వెతకాల్సిన చోటు వార్షిక నివేదికలోని సెగ్మెంట్ నోట్ (వ్యాపార విభాగాల వివరాలిచ్చే భాగం). అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 8 ప్రకారం ఆదాయంలో 10 శాతం, అంతకు మించి ఇచ్చే కస్టమర్ ఉంటే ఆ మొత్తం చెప్పాలి, పేరు చెప్పనక్కర్లేదు. ఒకే యాజమాన్యం కింద ఉన్న సంస్థలని తెలిస్తే వాటన్నిటినీ ఒక్క కస్టమర్‌గానే లెక్కించాలి. సరుకు డిస్ట్రిబ్యూటర్ ద్వారా పోతుంటే మాత్రం అసలు కొనేది ఎవరో ఈ నోట్‌లో కనబడదు. అయిదేళ్ల నోట్లు పక్కపక్కన పెట్టి చూడండి. తర్వాత బాకీల వైపు రండి: అమ్మకాల్లో 60 శాతం ఉన్న కస్టమర్ బాకీల్లో 80 శాతం ఉందంటే మిగతావాళ్లకంటే నెమ్మదిగా కడుతోందని అర్థం. బిల్లు వేయని ఆదాయం, అంటే పుస్తకాల్లో రాసుకున్నా ఇంకా బిల్లు పంపనిది, పెరుగుతుంటే మరీ అనుమానించాలి.

ఒప్పందం దగ్గర అసలు పని ఉంటుంది. ‘దీర్ఘకాలిక ఒప్పందం’ అన్న ప్రకటన చూసి షేరు ఎగురుతుంది కానీ, కనీసం ఇంత కొంటామన్న షరతు అందులో లేకపోతే అది ధరల పట్టిక మాత్రమే. కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చా, ఎన్ని రోజుల నోటీసు, అచ్చులూ పరికరాలూ ఎవరివి, పోటీదారులకు అమ్మకూడదన్న నిబంధన ఉందా అన్నవి చూడాలి. అమెరికా కంపెనీ జీటీ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీస్ 2013లో నీలమణి గాజు కోసం యాపిల్‌తో ఒప్పందం చేసుకుంది. సుమారు 57.8 కోట్ల డాలర్ల ముందస్తు చెల్లింపులు వాయిదాల్లో వస్తాయన్న మాట అందరికీ వినబడింది. కనీస కొనుగోలు హామీ లేదన్న మాట మాత్రం పత్రాల్లోనే ఉండిపోయింది. 2014 అక్టోబరులో కంపెనీ దివాలా రక్షణ కోరింది.

కస్టమర్ సొంత నివేదికలు కూడా చదవాలి, ఈ పని చేసేవాళ్లు తక్కువ. ఆ విడిభాగాన్ని తానే తయారు చేసుకునే ఆలోచన ఉందా, రెండో సరఫరాదారుని చేర్చుకుందా? చిప్ డిజైన్లు చేసే బ్రిటన్ కంపెనీ ఇమాజినేషన్ టెక్నాలజీస్ ఆదాయంలో అప్పట్లో దాదాపు సగం యాపిల్‌దే. ఇమాజినేషన్ గ్రాఫిక్స్ సాంకేతికతను ఇక వాడబోమని యాపిల్ చెప్పినట్టు 2017 ఏప్రిల్ 3న వెల్లడి కాగానే షేరు ఒక్కరోజులో 60 శాతానికి పైగా పడింది.

అది నిండా లావాదేవీలున్న షేరు. పెన్నీ స్టాక్‌లో ఆ రోజు కొనేవాళ్లే ఉండకపోవచ్చు. రోజుకు 20,000 షేర్లు చేతులు మారే చోట మీ దగ్గర 50,000 ఉంటే, ధర చెదరకుండా రోజువారీ లావాదేవీల్లో పదో వంతు చొప్పున అమ్ముకోవడానికి 25 ట్రేడింగ్ రోజులు, అంటే అయిదు వారాలు, పడుతుంది. ఒప్పందం రద్దుకు నోటీసు గడువు 30 రోజులే అయితే ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టుకుని, ఎన్ని షేర్లు కొనాలో అప్పుడు తేల్చుకోవాలి.