ప్రాసెసర్ మారిస్తే సరిపోయే చోట సిస్టమ్ మొత్తం పారేయమంటున్నారు

పాత సిస్టమ్ పట్టుకుని షాపుకు వెళ్తే మా అనంతపురంలో మొదట వినిపించే మాట, "ఇది అయిపోయింది సార్, కొత్తది తీసుకోండి." సప్తగిరి సర్కిల్ దగ్గర అడిగినా, కమలానగర్‌లో అడిగినా అదే జవాబు. క్యాబినెట్ తెరిచి లోపల ఏ మదర్‌బోర్డు ఉంది, ఏ ప్రాసెసర్ ఉంది అని చూసేవాళ్లు తక్కువ. దీని మీద నాకు చాలా కోపం ఉంది. ఈ మాట నమ్మి డబ్బు పోగొట్టుకునేది చిన్న డీటీపీ షాపులవాళ్లు, జిరాక్స్ షాపులవాళ్లు, పిల్లల్ని ఇంజినీరింగ్ చదివిస్తున్న తల్లిదండ్రులు. వాళ్లకు నలభై వేలంటే చిన్న మొత్తం కాదు.

మా బావ డీటీపీ షాపు సంగతే చెప్తాను. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు ఆయన పని. సిస్టమ్‌లో ఉన్నది హెచ్61 బోర్డు, ఇంటెల్ కంపెనీ ఐ3-2100 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్క్. ఫోటోషాప్‌లో పెద్ద ఫ్లెక్సీ ఫైలు సేవ్ కొడితే కస్టమర్ టీ తాగి వచ్చినా అయ్యేది కాదు. ఎన్నికల సీజన్‌లో అయితే ఆయన టెన్షన్ చూడలేకపోయేవాళ్లం. షాపులో చూపిస్తే, "ఈ బోర్డుకు ఏం పెట్టినా వేస్ట్" అని కొత్త సిస్టమ్‌కు కొటేషన్ రాసిచ్చారు.

వేస్ట్ కానే కాదు. ఆ బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు, అంటే సాకెట్, ఎల్‌జీఏ 1155 రకం. 2011లో వచ్చిన ఇంటెల్ రెండో తరం ప్రాసెసర్లు, 2012లో వచ్చిన మూడో తరం ప్రాసెసర్లు రెండూ ఆ సాకెట్‌లోనే కూర్చుంటాయి. ఐ3-2100లో రెండు కోర్లు, అంటే పని చేసే భాగాలు రెండు. అదే సాకెట్‌లో పట్టే ఐ7-3770లో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, అంటే ఒకేసారి ఎనిమిది పనుల వరసలు నడపగలదు. వేగం 3.4 గిగాహెర్ట్జ్, అవసరమైనప్పుడు 3.9 వరకు వెళ్తుంది. కరెంటు, వేడి సంగతి చూస్తే ఐ3ది 65 వాట్లు, దీనిది 77. ఆ కాస్త తేడాను మామూలు ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే పెట్టె) తట్టుకుంటుంది. సెకండ్ హ్యాండ్‌లో మాకు నాలుగు వేల లోపే దొరికింది. దాంతో పాటు ర్యామ్ 16 జీబీ చేశాం. హెచ్61 బోర్డుకు అదే గరిష్ఠం. హార్డ్‌డిస్క్ తీసి, దానికంటే చాలా వేగమైన ఎస్‌ఎస్‌డీ పెట్టాం. మొదటి ఫ్లెక్సీ ఫైలు సేవ్ అయ్యాక బావ నా వైపు తిరిగి, "ఏమబ్బా, ఇంతే పనికి వాళ్లు అంత డబ్బు ఎందుకు చెప్పినట్టు?" అన్నాడు. నేను అడుగుతున్నదీ అదే.

అయితే ప్రాసెసర్ మార్చగానే అన్నీ పరుగెడతాయని నేను చెప్పడం లేదు. బోరుకు పెద్ద మోటారు దించి, పైపు మాత్రం పాతదే ఉంచితే నీళ్లు ఎన్ని వస్తాయి? ఇక్కడా అంతే. హార్డ్‌డిస్క్ పాతదే ఉంటే కొత్త ప్రాసెసర్ దాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. అందుకే చేతిలో డబ్బు తక్కువుంటే మొదట ఎస్‌ఎస్‌డీ, తర్వాత ర్యామ్, ఆ తర్వాతే ప్రాసెసర్. పని కూడా చూసుకోవాలి. మన దగ్గర చాలామంది ఇప్పటికీ పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7లో అను తెలుగు ఫాంట్లతోనే పేజీలు కడుతున్నారు. అది 2001 నాటి సాఫ్ట్‌వేర్. దానికి ఒక్క కోరు చాలు, ఎనిమిది థ్రెడ్లు ఇచ్చినా వాడుకోదు. ఆ పని ఒక్కటే చేసేవాళ్లు ఐ7 జోలికి పోవద్దు. ఫోటోషాప్, వీడియో ఎడిటింగ్, ఒకేసారి నాలుగైదు సాఫ్ట్‌వేర్లు తెరిచి పెట్టుకునే వాళ్లకే దాని విలువ తెలుస్తుంది.

ఇంకో ముఖ్యమైన విషయం బయోస్, అంటే సిస్టమ్ ఆన్ చేయగానే బోర్డులో మొదట నడిచే చిన్న సాఫ్ట్‌వేర్. రెండో తరంతో వచ్చిన బోర్డులో మూడో తరం ప్రాసెసర్ పెట్టాలంటే చాలా బోర్డులకు ముందు బయోస్ అప్‌డేట్ కావాలి. అది పాత ప్రాసెసర్ లోపల ఉండగానే చేసుకోవాలి. ఆ పని చేయకుండా కొత్తది పెట్టి, తెర నల్లగా ఉంటే "బోర్డు పోయింది" అని తేల్చేసే మెకానిక్‌లు ఉన్నారు. కొన్ని బ్రాండెడ్ సిస్టమ్‌లకు కంపెనీ ఆ అప్‌డేట్ ఇవ్వనే లేదు. వాటిలో రెండో తరంలోని ఐ5, ఐ7 వరకే ఆశపడాలి. ఐ7-2600 అయితే 95 వాట్లు, చవక బోర్డు మీద దాన్ని పెట్టే ముందు ఆ బోర్డు మోడల్‌కు కంపెనీ ఇచ్చిన ప్రాసెసర్ల జాబితా చూడాలి. ఇక మన ఎండ, మన దుమ్ము. మేలో 42 డిగ్రీలు దాటే ఊళ్లో ఫ్యాన్ కింద దుమ్ము గడ్డకట్టి, ప్రాసెసర్ వేడిని పైకి లాగే పేస్ట్ ఎండిపోయి ఉంటే ఎంత మంచి ప్రాసెసర్ అయినా వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ప్రాసెసర్ మార్చినప్పుడు పాత పేస్ట్ పూర్తిగా తుడిచి కొత్తది పెట్టడం, ఫ్యాన్ శుభ్రం చేయడం తప్పనిసరి. సాకెట్‌లోని సన్నని పిన్నులకు వేలు తగలకూడదు. ఒక్కటి వంగినా బోర్డు పనికిరాకుండా పోవచ్చు.

ఒకప్పుడు కంప్యూటర్లు తయారు చేసినవాళ్లే ఈ దారి తెరిచి ఉంచారు. 1995లో ఆపిల్ తెచ్చిన పవర్ మాకింటాష్ 7500, 8500, 9500 మోడళ్లలో ప్రాసెసర్ బోర్డుకు అతికించి ఉండదు. విడిగా ఒక కార్డు మీద ఉంటుంది. కార్డు లాగేసి ఇంకో కార్డు గుచ్చితే చాలు. 1997 చివర్లో జీ3 ప్రాసెసర్ వచ్చాక సానెట్, న్యూయర్ టెక్నాలజీ, పవర్‌లాజిక్స్ లాంటి కంపెనీలు ఈ పాత యంత్రాల కోసమే జీ3 కార్డులు అమ్మాయి, ఆ తర్వాత జీ4 కార్డులు కూడా వచ్చాయి. ఆ కార్డుల్లో నాకు బాగా నచ్చేది వాటి క్యాష్ మెమరీ. పాత బోర్డులో డేటా నడిచే దారి (బస్) వేగం 50 మెగాహెర్ట్జ్ దరిదాపుల్లోనే ఉండేది. ప్రాసెసర్ ప్రతిసారీ ఆ దారిలో వెళ్లి డేటా తెచ్చుకోవాలంటే కొత్త కార్డు పెట్టిన లాభమే ఉండదు. అందుకని కార్డు మీదే వేగమైన క్యాష్ మెమరీ పెట్టి, దాన్ని నేరుగా ప్రాసెసర్‌కు కలిపారు. తరచూ కావలసిన డేటా పక్కనే దొరికేది. అలా 1995 నాటి యంత్రం చాలా ఏళ్లు పనిలో నిలబడింది.

ఇప్పుడు ఆ ఆలోచనే పోయింది. ల్యాప్‌టాప్‌లలో, చిన్న డెస్క్‌టాప్‌లలో ప్రాసెసర్‌ను ఊడదీయలేకుండా బోర్డుకు సోల్డర్ చేసేస్తున్నారు. సాకెట్ ఉన్న చోట కూడా చిక్కే. 2015లో వచ్చిన ఆరో తరానికీ, 2017లో వచ్చిన ఎనిమిదో తరానికీ ఇంటెల్ సాకెట్ చూడటానికి ఒకటే, 1151. అయినా పాత బోర్డులో ఎనిమిదో తరం పని చేయదన్నారు. పవర్ అందించే పిన్నుల అమరిక మారిందన్నది కంపెనీ చెప్పిన కారణం. ఔత్సాహికులు మాత్రం బయోస్ మార్చి కొన్ని పాత బోర్డుల మీద నడిపి చూపించారు. ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీ మొదట కాదన్నా, చివరికి 2022లో తన 2017 నాటి ఏఎమ్4 బోర్డులకు రైజెన్ 5000 ప్రాసెసర్లు పెట్టుకునే వీలిచ్చింది. అయిదేళ్ల పాత బోర్డు కొత్త ప్రాసెసర్‌ను తీసుకుంది. అందుకే ఈరోజు కొత్త డెస్క్‌టాప్ కొనేవాళ్లకు నేను చెప్పేది, ప్రాసెసర్ కంటే ముందు ఆ సాకెట్‌కు ఇంకా ఎన్నాళ్లు కొత్తవి వస్తాయో అడగండి.

దీనికి తోడు విండోస్ దెబ్బ. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్, అంటే భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం, ఆగిపోయింది. విండోస్ 11కు ఇంటెల్‌లో కొన్ని మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం నుంచే అధికారికంగా అర్హత, టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా కావాలి. నాలుగు కోర్లతో చక్కగా పని చేస్తున్న యంత్రాన్ని కాగితం మీద గీత గీసి పక్కన పెట్టడం నాకు ఏ మాత్రం మింగుడుపడదు. బావ డిజైన్ సిస్టమ్‌ను ఇంటర్నెట్ నుంచి తీసేశాం, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో స్కాన్ అయ్యాకే లోపలికి వెళ్తాయి. ఇంట్లో పిల్లల చదువుకైతే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ చాలు. పైథాన్, సీ లాంటి ప్రోగ్రామింగ్ భాషలు నేర్చుకోవడానికి, బ్రౌజర్‌కు, లిబ్రేఆఫీస్‌కు ఐ5 మూడో తరం హాయిగా సరిపోతుంది.

ఈ ప్రాసెసర్లు దొరికేది ఎక్కడంటారా? బెంగళూరు మనకు దగ్గరే. అక్కడి ఆఫీసులు వదిలించుకున్న సిస్టమ్‌ల నుంచి తీసిన ఐ5లు, ఐ7లు ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. అంత దూరం పోకుండా మన దగ్గరే ఉన్న నిధి ఇంకొకటుంది. మన కాలేజీల ల్యాబుల్లోని పాత సిస్టమ్‌లు లాట్ కింద వేలం వేసి తూకానికి పంపిస్తున్నారు. వాటిలో ఐ5లు ఉంటాయి, పని చేసే ర్యామ్ ఉంటుంది. పక్క వీధిలోని డీటీపీ షాపు ఐ3తో ఏడుస్తుంటుంది. వేలానికి ముందు ఒక్క వారం ఆ సిస్టమ్‌లను సొంత విద్యార్థులకే ఇస్తే, వాళ్లే విప్పి, పరీక్షించి, పనికొచ్చే ప్రాసెసర్, ర్యామ్ వేరు చేస్తారు. మిగిలిన బోర్డులను 2022 ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం నమోదైన రీసైక్లర్‌కు ఇవ్వొచ్చు. కంప్యూటర్ సైన్స్ విభాగాలున్న ప్రతి కాలేజీ ప్రిన్సిపాల్‌నూ నేను అడిగేది ఇదే. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక్క సంతకం చాలు.